జాతరలో తిట్టింది నేనా, వేషమా?

నడకదారి:
తిరుపతి వాళ్లకు తెలిసిందే, బయటివాళ్ల కోసం చెప్తున్నా. మా తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కున్నవాళ్లు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి ఇలా వేషాలు కడతారు. వేషంలో ఉన్నవాడు బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు, అది ఆచారం. ఈసారి నేనూ బండ వేషం కట్టాను. వీధిలో ఎదురైన ఒక పెద్దాయన్ని తిట్టాను. ఇంటికొచ్చి రంగు కడుక్కుంటుంటే అనుమానం పట్టుకుంది. తిట్టింది ఎవరు?

నేను కొన్నాళ్లుగా ఫ్రెంచి తత్వవేత్త సార్త్రేని చదువుతున్నా. 1936లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన అంటాడు: మన ఎరుక లోపల 'నేను' అనే యజమాని ఎవరూ కూర్చుని లేడు. ఎరుక ఎప్పుడూ ఏదో ఒకదాని గురించే ఉంటుంది. ఈ మాట ఆయనకు జర్మన్ తత్వవేత్త హుస్సర్ల్ నుంచి వచ్చింది. ట్రామ్ వెంట పరిగెత్తేవాడికి అందుకోవాల్సిన ట్రామే కనిపిస్తుంది, 'నేను' కనిపించదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర చూసుకోండి, పై మెట్టు తప్ప ఇంకేమీ ఉండదు. కొండెక్కాక వెనక్కి తిరిగి 'నేను ఎక్కాను' అంటాం. చేసిన పనులన్నీ పోగేస్తే అప్పుడు తయారయ్యేదే ఆ 'నేను'.

కాబట్టి వేషం వెనకాల దాక్కున్న వేరే 'అసలు నేను' లేడు. తిట్టింది నేనే. మీరేమంటారు?

రిటైర్డ్_మాస్టారు:
బాబూ, ఇది శంకరులు ఎప్పుడో చెప్పారు. అహంకారం వేరు, దాన్ని చూసే సాక్షి వేరు. వేషం తిట్టింది, అహంకారం సంతోషించింది, సాక్షి చూస్తూ ఉంది. ఇందులో ఫ్రాన్సు వాళ్లు కొత్తగా కనిపెట్టింది ఏముంది?

నడకదారి:
సార్, అహంకారం వరకు మీరన్నది సరే. సార్త్రే ఆ సాక్షిని కూడా ఒప్పుకోడు. ఆయన లెక్కలో లోపల ఎవరూ లేరు, అంతా ఖాళీ. ఆ ఖాళీకే ఆయన పెట్టిన పేరు స్వేచ్ఛ.

టిఫిన్_సెంటర్:
మీ సార్త్రే గురించి నాకు ఒక్కటే కోపం. 1943 పుస్తకంలో హోటల్ సర్వర్ గురించి రాశాడు కదా. వాడి నడక మరీ చురుగ్గా ఉంది, మరీ వంగి వంగి మాట్లాడుతున్నాడు, వాడు సర్వర్‌లా నటిస్తున్నాడు అని. నేను తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక హోటల్లో ఆరేళ్లు సర్వర్‌గా చేశాను. గబగబా ఎందుకు నడుస్తాం? చేతిలో సాంబారు కాలుతుంది. గల్లాపెట్టె దగ్గర నుంచి ఓనర్ చూస్తుంటాడు. గ్లాసు పగిలితే జీతంలో కోస్తాడు. దాన్ని నటన అంటే ఎలా?

పీలేరు_పిల్లోడు:
అన్నా సూపర్ 👏

నడకదారి:
అన్నా, అది అవమానించడానికి రాసింది కాదు. సిరాబుడ్డి సిరాబుడ్డిగా ఉన్నట్టు మనిషి సర్వర్‌గా ఉండలేడు అన్నది ఆయన పాయింట్. సిరాబుడ్డికి రేపు ఏమవ్వాలన్న ప్రశ్న లేదు. సర్వర్ మాత్రం పొద్దున ఐదింటికి లేచేటప్పుడు, ఈ రోజు వెళ్లనా వద్దా అని తనను తాను అడగగలడు. 'నేను సర్వర్‌నే, ఇంకేమీ కాను' అనుకుంటే దాన్నే ఆయన ఆత్మవంచన అన్నాడు. నిజానికి ఆయన మనిషిని సర్వర్ కంటే పెద్దవాణ్ని చేశాడు.

టిఫిన్_సెంటర్:
'మరీ చురుగ్గా' అని కొలిచింది ఎవరు? టేబుల్ దగ్గర కాఫీ తాగుతూ కూర్చున్నవాడు. ముందు దానికి జవాబు చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు:
సర్వర్ సంగతి పక్కన పెట్టండి. గాఢనిద్ర నుంచి లేచి 'సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు' అంటాం. ఆ సుఖం ఎవరికి తెలిసింది? సాక్షి లేకపోతే ఎలా చెప్పగలిగాం?

నడకదారి:
దీనికి ఆయన దగ్గర సగం జవాబే ఉంది సార్. ఒకడు సిగరెట్లు లెక్కపెడుతున్నాడు. మనసంతా సిగరెట్ల మీదే ఉంది. ఏం చేస్తున్నావని అడిగితే వెంటనే 'లెక్కపెడుతున్నా' అంటాడు. లెక్కలోనే తన గురించిన ఎరుక కలిసి ఉంది, చూడటానికి రెండోవాడు అక్కర్లేదు. మెలకువ వరకు ఇది సరిపోతుంది. గాఢనిద్ర దగ్గర మీ ప్రశ్నే బలంగా ఉందని నాకూ అనిపిస్తుంది.

కనకాంబరం:
మా జేజికి మతిమరుపు ముదిరింది. నా పేరు తెలియదు, తన పేరూ తెలియదు. పూలు ముందు పెడితే మాత్రం మాల కట్టేస్తుంది, ముడి ఒక్కటీ జారదు. పనులు పోగేస్తే 'నేను' అవుతుందంటున్నారే, పోగంతా చెదిరిపోయాక ఆ వేళ్లలో ఉన్నది ఎవరు? మెర్లో-పాంటీ అనే ఇంకో ఫ్రెంచి తత్వవేత్త 1945లో రాశాడు, టైపు కొట్టేవాడికి అక్షరాలు ఎక్కడున్నాయో చేతులకే తెలుసని. మీ ముగ్గురి వాదనలో ఒళ్లు ఎక్కడా కనిపించలేదు.

టిఫిన్_సెంటర్:
అక్కా, మంచి మాట అన్నారు. నాకు ఇప్పటికీ కలలో చేతి మీద నాలుగు ప్లేట్లు ఉంటాయి.

నడకదారి:
అన్నా, ఏమీ అనుకోవద్దు. అంత కష్టమైతే మొదటి ఏడాదే మానేయొచ్చు. ఆరేళ్లు ఉండటం మీ ఎంపికే. ఓనర్ మీదికి, సాంబారు మీదికి నెట్టడమే ఆత్మవంచన.

టిఫిన్_సెంటర్:
ఎంపికా? చిత్తూరు పక్కన మాకున్నది రెండెకరాలు. మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి వచ్చాను. మా చెల్లెలి ఫీజు ఆ జీతంలోనే కట్టాను. నాకు తెలియకుండా నన్ను నేను మోసం చేసుకున్నానని చెప్పడానికి మీరెవరండీ? పుస్తకం చదివితే అవతలివాళ్ల మీద తీర్పు చెప్పొచ్చా?

కనకాంబరం:
నడకదారి గారూ, ఇది మీరు అనకూడదు. సార్త్రే సహచరి, రచయిత్రి సిమోన్ ద బోవా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే ఆయనతో ఈ విషయం మీద గొడవపడింది. అంతఃపురంలో బంధించిన స్త్రీకి ఏం స్వేచ్ఛ ఉంటుందని అడిగింది. సార్త్రే కూడా 1969 నాటి ఇంటర్వ్యూలో, ఏ పరిస్థితిలోనైనా మనిషి ఎప్పుడూ స్వేచ్ఛగా ఎంచుకోగలడని ఒకప్పుడు రాసినందుకు తనకే ఆశ్చర్యంగా ఉందన్నాడు. ఆయన వదిలేసిన మాటను మీరెందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

నడకదారి:
నేను తిట్టిన పెద్దాయన మా పెదనాన్న. మా నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. పొలం పంపకాల దగ్గర మాట పట్టింపు వచ్చింది. మూడేళ్లు లోపల దాచుకున్నదంతా వేషంలో అనేశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో అందరూ 'అది వేషం రా, అమ్మవారి పేరు మీద అన్నావు, పట్టించుకోవద్దు' అంటున్నారు. ఆ మాట ఒప్పుకుంటే నేను ఆయన ముఖం చూడలేను. అందుకే ఎవరు 'పరిస్థితి' అన్నా నాకు వాళ్లు తప్పించుకుంటున్నట్టే వినిపిస్తోంది. అన్నా, మీ విషయంలో ఆత్మవంచన అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

టిఫిన్_సెంటర్:
'ఎంపిక' అన్న మాట కూడా తీసుకోండి.

నడకదారి:
అది ఇప్పుడే తీసుకోలేను.

టిఫిన్_సెంటర్:
సరే, మీ తప్పు మీరు మొయ్యండి, నాది నా మీద పెట్టొద్దు. ఒకటి అడుగుతా. పెదనాన్న దగ్గరికి వెళ్లారా?

నడకదారి:
రెండుసార్లు ఆయన వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను.