అప్‌డేట్: బోరు నీటికి ఐఎఫ్‌బీ ఫ్రంట్ లోడ్
తిరుపతిలో బోరు నీటిపై ఆధారపడిన మా ఇంటికి ఐఎఫ్‌బీ ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ తగునా అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు, చివరికి దానినే తీసుకున్నాము. టాప్ లోడ్ కంటే నీరు తక్కువ పట్టడం, వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే మా వీధిలో, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద గుణం. ఉతుకు బాగుంది.

లోపాల విషయానికి వస్తే, ఉతకడానికి సమయం ఎక్కువ పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, బోరు నీటి వంటి కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి హీటర్‌పై పొరగా పేరుకుంటాయి కనుక, ఏ బ్రాండైనా ఆ పొరను తొలగించే డీస్కేలింగ్ పొడి ఖర్చు (ధరలు చూసేటప్పుడు దీనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు) తప్పదు. అందువల్ల రోజువారీ బట్టలను చల్లని నీటితోనే ఉతుకుతూ, దుప్పట్లకు మాత్రమే వేడినీటి ప్రోగ్రామ్ వాడుతున్నాము.