డయాలసిస్ రేట్లు: 40 ఏళ్ళకి 25 శాతం ఎక్కువ, 74 ఏళ్ళకి ఏమీ లేదా?

డాలస్_అబ్బాయి: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డయాలసిస్ సెంటర్లకి పేషెంటుని బట్టి డబ్బిస్తుంది కదా, ఆ పట్టిక చూశా. 2025లో ఒక సెషన్‌కి బేస్ రేటు 273.82 డాలర్లు. దాన్ని 18-44 ఏళ్ళవాళ్ళకైతే 1.257తో హెచ్చిస్తారు, 70-79 వాళ్ళకి 1.000తో. మా అమ్మకి 74. వీల్‌చెయిర్ నుంచి డయాలసిస్ కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు పట్టాలి. ఇదెక్కడి లెక్క?

బిల్లింగ్_బాబాయ్: 1.000 అంటే ఏమీ ఇవ్వరని కాదు తమ్ముడూ. ఆ వయసువాళ్ళ ఖర్చునే కొలబద్దగా పెట్టుకున్నారు. 80 దాటితే 1.109. డయాలసిస్ మొదలైన తొలి 120 రోజులు 1.327. ఒళ్ళు పెద్దదైతే అదనం, బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 18.5 కన్నా తక్కువైనా అదనం.

పెసరట్టు: లావైనా లాభమే, బక్కైనా లాభమే. మధ్యలోవాళ్ళం ఏం పాపం చేశాం?

డాలస్_అబ్బాయి: అయితే 80 వచ్చేదాకా ఆగాలా? అమ్మ 39 కేజీలు. ఆ బీఎంఐ అదనం 1.7 శాతం, నాలుగున్నర డాలర్ల చిల్లర. పోయిన నెల పొద్దున షిఫ్టు నుంచి తీసి రాత్రి షిఫ్టులో వేశారు. ఎత్తడానికి మనుషులు లేరట. రేటు సరిగ్గా ఉంటే ఇలా చేస్తారా?

బిల్లింగ్_బాబాయ్: ఎత్తడానికి ఎంతసేపు పట్టిందో క్లెయిమ్‌లో ఎవరూ రాయరు. దానికి రేటెలా కడతారు? కొన్ని జబ్బులకి అదనం ఉన్నా, వాటికే కాగితం దొరకదు. కడుపులో రక్తస్రావమై ఆసుపత్రిలో ఉండొస్తారు, ఆ రికార్డు మాకు రాదు, అదనం అడగలేం. ఈ అదనాల కోసమని బేస్ రేటు ముందే కోసేశారు మరి.

డాలస్_అబ్బాయి: 70-79కి 1.000 ఎందుకో ఇంకా చెప్పలేదు మీరు.

టెక్_అక్క: పదకొండేళ్ళు ఫ్లోర్ మీద చేశా. అలాంటివాళ్ళని లిఫ్ట్‌తో ఎత్తాలంటే కింద పట్టీ దూర్చాలి, నాలుగు కొక్కేలూ చూసుకోవాలి, డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చెయ్యి నలగకూడదు. ఈలోపు పక్క మెషీన్ అలారం. ఇరవై నిమిషాలు పోతాయి. కానీ తమ్ముడూ, ఇంకో 30 డాలర్లు ఇస్తే నా పక్కన ఇంకో మనిషిని పెడతారనుకున్నావా? భారీ పేషెంట్లకి అదనం వస్తూనే ఉంది. నేను మాత్రం ఎప్పుడూ ఒక్కదాన్నే నాలుగు కుర్చీలు చూసుకోవాలి.

బిల్లింగ్_బాబాయ్: అది మేనేజ్‌మెంట్ గొడవమ్మా. టాపిక్ చెల్లింపుల గురించి.

టెక్_అక్క: టాపికే అది! పేషెంటుని చూపించి డబ్బు తీసుకుంటారు. ఆ పేషెంటు మీదే ఖర్చు పెట్టమని ఎక్కడైనా ఉందా?

బిల్లింగ్_బాబాయ్: అలా పెడితే సెంటర్ మూసుకోవాలి. ఒకరి దగ్గర మిగిలింది ఇంకొకరికి సరిపెడతాం. ఇదంతా సగటు లెక్క.

డాలస్_అబ్బాయి: మా అమ్మ మీ సగటు కాదు. సోమవారం ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. అన్నం ముందు కూర్చునే నిద్రపోయింది.

పెసరట్టు: సారీ అన్నా. జోకులేశాను.

టెక్_అక్క: రేట్ల సంగతి అలా ఉంచు. షిఫ్టు ఎందుకు మార్చారో సోషల్ వర్కర్‌ని రాసిమ్మను. వినకపోతే డయాలసిస్ పేషెంట్ల ఫిర్యాదులు చూసే మీ ఏరియా ఈఎస్ఆర్‌డీ నెట్‌వర్క్‌కి ఫిర్యాదు చెయ్యి. నంబరు సెంటర్ గోడ మీదే ఉండాలి.

డాలస్_అబ్బాయి: ఉందక్కా. దానికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చారు.