అప్‌డేట్: మా అబ్బాయి బరువు గురించి అడిగిన ప్రశ్నకు

పద్నాలుగేళ్ల మా అబ్బాయి బరువు పెరుగుతూ పోవడానికి కారణం థైరాయిడా, ట్యూషన్ దగ్గర తినే ఫాస్ట్‌ఫుడ్డా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పిల్లల వైద్యురాలు పెద్దల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే) లెక్కను పక్కనపెట్టి, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో సవరించిన చార్టులో వయసును బట్టి చూసి, ఊబకాయం గీతకు కాస్త కిందే ఉన్నాడని చెప్పారు. థైరాయిడ్ పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. మురికి అనుకుని వాళ్ల నానమ్మ సున్నిపిండితో రుద్దుతూ వచ్చిన మెడ వెనుక నలుపు మాత్రం ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు అన్నారు. రక్తంలో చక్కెర ఇంకా హద్దులోనే ఉంది.

ఫాస్ట్‌ఫుడ్ పూర్తిగా మాన్పించమన్న సలహా మా ఇంట్లో నిలవలేదు. పనిచేసింది, ట్యూషన్‌కు ముందే కడుపు నింపి పంపమన్న సలహా. మధ్యాహ్నం బడిలో తిన్న పిల్లవాడు రాత్రి ఎనిమిదింటికి నకనకలాడుతూ బండి దగ్గర ఎగ్ నూడుల్స్, కూల్‌డ్రింక్ తీసుకుని, ఇంటికి వచ్చి పది గంటలకు టీవీ ముందు మాతోపాటు మళ్లీ అన్నం తినేవాడు. ఇప్పుడు సాయంత్రమే శనగ గుగ్గిళ్లో పెసరట్టో తిని వెళ్తున్నాడు; రాత్రి భోజనం అందరమూ ఎనిమిదిన్నరకే, టీవీ కట్టేసి చేస్తున్నాము. వాళ్ల నాన్నగారు ఇంటికి కూల్‌డ్రింక్ సీసాలు తేవడం ఆపిన తరువాతే వాడూ మానాడు. ఆదివారం బిర్యానీ మాత్రం అలాగే ఉంది.

అన్నానికి బదులు చపాతీ పెట్టడం వల్ల తేడా ఏమీ కనబడలేదు. బరువు తగ్గించే పొడులు ఈ వయసులో వద్దే వద్దన్నారు. ఎదిగే పిల్లవాడు కాబట్టి బరువు తగ్గకపోయినా, పెరగకుండా ఆగితే చాలన్నారు. ఆగింది, ఎత్తు పెరిగాడు. మెడ నలుపు తగ్గడానికి ఇంకా సమయం పడుతుందట.