గవర్నర్‌కి రాయాలా, సెనేటర్‌కి రాయాలా?

కొత్తగా వచ్చినవాడు: వర్జీనియాలోని ఆష్‌బర్న్ వచ్చి ఏడు నెలలైందండీ. మా ఆవిడ వర్క్ పర్మిట్ కదలడం లేదు. సెనేటర్ మార్క్ వార్నర్‌కి రాయమని ఒకరు, ఆయన గవర్నర్ కదా అని ఇంకొకరు. అసలు మాకు ఓటే లేదు, పట్టించుకుంటారా?

ఆష్‌బర్న్ పాతకాపు: తమ్ముడూ, టెన్షన్ పడకు. ఆయన గవర్నరుగా చేసింది 2002 నుంచి 2006 దాకా. గవర్నర్ అంటే మన దగ్గరి గవర్నర్ లాంటి పెద్దాయన అనుకునేవు, ఇక్కడ ఆయనే సీఎం లెక్క. అయితే వర్జీనియాలో వరసగా రెండోసారి నిలబడనివ్వరు. జనం నెత్తిన పెట్టుకున్నా నాలుగేళ్లకి మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

సెల్‌ఫోన్ లైసెన్సుల వ్యాపారంలో బాగా సంపాదించి రాజకీయాల్లోకి వచ్చారు. 1996లో సెనేట్‌కి, అంటే మన రాజ్యసభ లాంటి సభకి, పోటీచేసి ఓడిపోయారు. ఓడించినాయన పేరూ వార్నరే, జాన్ వార్నర్, చుట్టరికమేమీ లేదు. ఆ జాన్ గారు రిటైరయ్యాక 2008లో అదే సీటు గెలిచారు. గవర్నరుగా ఉన్నప్పుడు ఆయన డెమొక్రాట్, అసెంబ్లీ రిపబ్లికన్లది. అయినా 2004లో వాళ్లలో కొందరిని ఒప్పించి సేల్స్ టాక్స్ పెంచగలిగారు. ఆయన్ని మెతక మనిషి అంటారు కానీ, నాకైతే ఆ బేరమాడే తీరే నచ్చుతుంది. 2014లో మాత్రం ఒక శాతం కూడా లేని తేడాతో గట్టెక్కారు.

ఇక నీ పని. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ లాంటివి రాష్ట్రానివి, గవర్నర్ కిందకి వస్తాయి. ఇమ్మిగ్రేషన్, ఐఆర్ఎస్ (పన్నుల శాఖ), సోషల్ సెక్యూరిటీ ఫెడరల్, అంటే కేంద్రానివి, వాటి సంగతి సెనేటర్ ఆఫీసు అడగగలదు. ఓటు అక్కర్లేదు, ఇక్కడ ఉంటే చాలు. వాళ్ల వెబ్‌సైట్లో ప్రైవసీ రిలీజ్ ఫారం ఉంటుంది, మన కేసు వివరాలు వాళ్లు అడగడానికి మనమిచ్చే అనుమతి అన్నమాట. కాగితాలు మీ ఆవిడవి కాబట్టి సంతకం ఆవిడే పెట్టాలి, రసీదు నంబరు వెయ్యాలి. మాకూ ఒకసారి ఇలాగే ఆగింది. అడిగిస్తే తేలిందేమిటంటే, వేలిముద్రల నోటీసు మా పాత అపార్ట్‌మెంట్‌కి పోయింది! పర్మిట్ ఇప్పించలేరు, ఎక్కడ ఆగిందో కనుక్కుంటారు, అంతే.

హెర్న్‌డన్ అక్క: ఇంకోటి బాబూ. ఎన్నికలప్పుడు మనవాళ్లు ఫండ్‌రైజింగ్ డిన్నర్లకి పిలుస్తారు. వెళ్లి భోజనం పెడితే తిను, పైసా ఇవ్వకు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా చందా చట్టవిరుద్ధం. డీఎంవీలో ఓటరుగా నమోదవుతారా అని అడుగుతారు. వద్దనే చెప్పాలి, పౌరులు కానివాళ్లు నమోదైతే ఇమ్మిగ్రేషన్‌కే చిక్కు.

కొత్తగా వచ్చినవాడు: అక్కా, లైసెన్స్ రోజున లైన్లో గబగబా అన్నీ నొక్కేశాను. అది ఏం నొక్కానో గుర్తులేదు.

హెర్న్‌డన్ అక్క: అయితే వర్క్ పర్మిట్ సంగతి రేపు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫోన్ చెయ్యి, ఇవాళే.