ఎన్నికల వాట్సాప్ సందేశాలలో ఏది అబద్ధం, ఏది అభిప్రాయం? పరిశోధనలో ఎలా తేల్చాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం)

నమస్కారం. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో తిరిగిన రాజకీయ సందేశాలపై పీహెచ్‌డీ చేస్తున్నాను. ల్యాండ్ టైట్లింగ్ చట్టం (భూమి ఎవరిదో ప్రభుత్వ రిజిస్టరు ద్వారా ఖరారు చేయడానికి తెచ్చిన రాష్ట్ర చట్టం) మీద వచ్చిన సందేశాల దగ్గర నా పని ఆగిపోయింది. ఆ వేసవిలో నేను మా మేనమామగారి ఊళ్లో ఉండగా ఆయన ఫోనుకు అటువంటిదే ఒకటి వచ్చింది. పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే అప్పటికే ఎన్నో చేతులు మారింది. ఇక సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉండదని ఒక వాక్యం, అసలు దస్తావేజులు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయి మనకు జిరాక్సులే మిగులుతాయని ఇంకొకటి, చివరికి భూమి చేజారుతుందని మూడోది. మామయ్య అది చదివి, బీరువా తెరిచి, పట్టాదారు పాసు పుస్తకాన్నీ తాతగారి కాలం నాటి దస్తావేజునూ తీసి చూసుకొని, మళ్లీ ప్లాస్టిక్ కవరులో చుట్టి లోపల పెట్టారు. ఆ తరువాతే దానిని మా బంధువుల గ్రూపులోకి పంపారు.

క్లెయిర్ వార్డిల్, హొస్సేన్ దెరఖ్షాన్ 2017లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ కోసం రాసిన నివేదికలో, హాని తలపెట్టి పుట్టించిన అబద్ధాన్నీ తెలియక పంచుకున్న అబద్ధాన్నీ వేరు చేశారు. మామయ్య పంపింది భయంతోనని నాకు తెలుసు, కాని మొదట రాసినవారి ఉద్దేశం నాకు ఎన్నటికీ తెలియదు. పైగా 2024 జూలైలో కొత్త శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది కాబట్టి, భూమి పోయేదో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. దుష్ప్రచారమని రాస్తే ఒక పార్టీ మనిషినంటారు, కాదని రాస్తే ఇంకో పార్టీ మనిషినంటారు. సెమినారులో నాకు ఎదురైన మొదటి ప్రశ్న నా పద్ధతి గురించి కాదు, మా ఇంటిపేరు గురించి. ఈ చిక్కును ఎలా దాటాలి? మా గ్రూపులోని సందేశాలను వాడుకోవచ్చునా?

సమాధానం 1 (ఫ్యాక్ట్ చెక్ విభాగంలో పనిచేస్తాను, హైదరాబాద్)

సందేశం మొత్తానికి ఒకే ముద్ర వేయాలనుకోవడం వల్లే మీకు ఈ ఇబ్బంది. వాక్యాలుగా విడగొట్టండి. మొదటి వాక్యానికి ఆధారం ఉంది: ఆ చట్టం హక్కు వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి అప్పీలు అధికారికీ, ఆపైన హైకోర్టుకూ అప్పగించింది, న్యాయవాదులు విధులు బహిష్కరించడానికి అదొక ముఖ్య కారణం. అయితే సందేశంలో హైకోర్టు మాట లేదు, ఆ లోపాన్ని విడిగా నమోదు చేయండి. రెండో వాక్యాన్ని చట్టమూ నియమాలూ ఎదురుగా పెట్టుకొని తేల్చవచ్చు. మూడోది జోస్యం, దానికి నిజమనో అబద్ధమనో పేరు పెట్టకండి. చట్టాన్ని సమర్థించిన పక్షం సందేశాలకూ ఇదే కొలత వాడాలి. 2020లో కేంద్రానికి చెందిన నీతి ఆయోగ్ ఇటువంటి భూహక్కు చట్టానికి నమూనాను విడుదల చేసిందనడం నిజం, కాని దానిని రాష్ట్రం తప్పక అమలు చేయవలసి వచ్చిందనడం వేరే మాట.

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు వచ్చినప్పుడు, కరాచీలో అవగాహన కోసం తీసిన ఒక వీడియోను చివర కత్తిరించి నిజమైన అపహరణగా తిప్పారు. అటువంటి వాటికి మూలం దొరికితే పని అయిపోతుంది. రాజకీయ సందేశం సాధారణంగా ఒక నిజాన్ని పట్టుకొని మొదలవుతుంది, అందుకే దానికి ఎక్కువ ఓపిక కావాలి.

సమాధానం 2 (జర్నలిజం అధ్యాపకుడు)

పై పద్ధతితో ఏకీభవిస్తున్నాను, కాని వర్గీకరణ మీరొక్కరే చేయకండి. భిన్నమైన రాజకీయ అభిమానాలున్న ఇద్దరికి పార్టీ పేర్లు తీసేసిన వాక్యాలు ఇచ్చి, క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా (వర్గీకరించినవారి మధ్య ఏకీభావం ఎంతో చెప్పే కొలత) లెక్కించండి. 0.80 దాటితే మంచిది, 0.667 కంటే తగ్గిన వర్గం మీద నిర్ధారణలు చేయవద్దు. శిక్షణ ఇస్తే పక్షపాతం పోతుందని నమ్మకండి. 2019 ఎన్నికలప్పుడు సుమిత్ర బద్రీనాథన్ బీహార్‌లో 1,224 మందితో చేసిన ప్రయోగంలో, సుమారు గంటసేపు ఇచ్చిన శిక్షణ మొత్తం మీద అబద్ధాలను గుర్తించే శక్తిని పెంచలేదు. ఇద్దరూ విభేదించిన వాక్యాలను పారేయకుండా వాటికే ఒక అధ్యాయం కేటాయించండి, మీ గ్రంథంలో అన్నింటికన్నా విలువైనది అదే అవుతుందని నా నమ్మకం.

సమాధానం 3 (పరిశోధకురాలు, బెంగళూరు)

గ్రూపు విషయంలో అడ్మిన్ అనుమతి చాలదు. అందరికీ తెలియజేసి, వద్దన్నవారు పంపినవి వదిలేయండి. రెండు బాణాల గుర్తు ఉన్నవాటినే తీసుకొని, ఫోన్ నంబర్లు, ఇంటి మాటలు, ఫొటోలు భద్రపరచకముందే తొలగించండి. మేనకోడలు అడిగితే మామయ్య కాదనలేరు, ఆ మొహమాటపు అంగీకారాన్ని అంగీకారంగా లెక్కించకూడదు. కాబట్టి అనుమతి అడిగే పని మీ కుటుంబానికి సంబంధం లేనివారికి అప్పగించండి. బీరువా సంఘటన గ్రంథంలో ఉండవలసిందే, కాని మీరు రాసింది ముందుగా ఆయనకు చదివి వినిపించి, ఆయన సరేనంటేనే ఉంచండి. ఊరి పేరు, మండలం పేరు, బంధుత్వం మాత్రం రాయకండి.