ఋత్విక్కులు నలుగురా, పదహారుగురా? లెక్క తెగడం లేదు

తుంగభద్ర: పొద్దున్నించీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. యజ్ఞశాల పటం గీస్తున్నాను, యాగం జరిపించే ఋత్విక్కులు ఎవరు ఎక్కడ ఉంటారో గుర్తు పెట్టాలి. హోత, అధ్వర్యువు, ఉద్గాత, బ్రహ్మ అని నలుగురి పేర్లు చిన్నప్పట్నించీ విన్నవే కదా. తీరా నా దగ్గరున్న ప్రయోగంలో, అంటే యాగం పద్ధతి రాసిన పుస్తకంలో, ఉద్గాత ఊసే లేదు! ఆయన బదులు ఆగ్నీధ్రుడట. ఇంకోచోట ఏడుగురు, మరోచోట పదహారుగురు. ఏది తప్పు? రేపటికి పటం ఇచ్చెయ్యాలండీ.

అరణి: ఏ యాగం?

గోదారి గట్టు: ముందు ఒకటి సరిచేసుకోవాలండీ. పురోహితుడు, ఋత్విక్కు, అర్చకుడు ఒకటే అనుకుంటారు చాలామంది. పురోహితుడు రాజును అంటిపెట్టుకుని ఉండేవాడు, సుదాసు రాజుకు వసిష్ఠుడిలా. ఋత్విక్కును యజమాని, అంటే యాగం చేసుకునేవాడు, ఆ ఒక్క యాగానికే వరించి తెచ్చుకుంటాడు. గుళ్లో అర్చకుడిది ఆగమం, అంటే గుడి పూజల శాస్త్రం, దారే వేరు. ఋగ్వేదం మొదటి మంత్రం చూడండి, అగ్నిని పురోహితుడని, ఋత్విక్కని, హోత అని విడివిడిగా పిలిచారు.

తుంగభద్ర: మంచి సంగతే గానీ, నా ఉద్గాత ఎక్కడికి పోయాడండీ?

అరణి: ఏ యాగమో ఇంకా చెప్పలేదు మీరు.

తుంగభద్ర: దర్శపూర్ణమాసాలు. పైన రాశాననుకున్నాను.

పాత తాళపత్రం: అదీ అసలు సంగతి. ఏదీ తప్పు కాదమ్మా. ఉద్గాత సామగానం చేసేవాడు, ఆ గానం సోమరసంతో చేసే సోమయాగానిది. దర్శపూర్ణమాసాలంటే అమావాస్యకూ పౌర్ణమికీ చేసే ఇష్టి, అందులో ఉద్గాతకు పనిలేదు. అగ్నిహోత్రానికి అధ్వర్యువు ఒక్కడు చాలు. ఇష్టికి నలుగురు, నాలుగు నెలలకోసారి చేసే చాతుర్మాస్యాలకు అధ్వర్యువు సహాయకుడు ప్రతిప్రస్థాత చేరి ఐదుగురు, పశుబలి ఉండే పశుబంధానికి హోత సహాయకుడు మైత్రావరుణుడితో ఆరుగురు, సోమయాగానికి 16 మంది. మీరు చూసిన ఏడుగురు ఋగ్వేదం రెండో మండలం మొదటి సూక్తంలోని వాళ్లయి ఉంటారు. అందులోనూ ఉద్గాత పేరు లేదు.

ఆ పదహారుగురి వరస ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. నలుగురు ముఖ్యులు, ఒక్కొక్కరికి ముగ్గురు సహాయకులు. నేష్ట యజమాని భార్యను తోడ్కొని వస్తాడు, ఉన్నేత సోమరసం పాత్రల్లో నింపుతాడు, గ్రావస్తుత్తు సోమాన్ని దంచే రాళ్లను స్తుతిస్తాడు. రాళ్లకు కూడా ఒక స్తోత్రం, దానికి ఒక మనిషి! దక్షిణ 100 ఆవులైతే ముఖ్యులకు 12 చొప్పున, తర్వాతి వరసలకు 6, 4, 3 చొప్పున. కూడి చూడండి, సరిగ్గా నూరు. సగం, మూడోవంతు, నాలుగోవంతు అందుకుంటారు గనకే అర్ధినులు, తృతీయినులు, పాదినులు అన్న పేర్లు.

అథర్వం: బ్రహ్మ అథర్వవేది అయి ఉండాలని కూడా రాయండి.

పాత తాళపత్రం: ఒప్పుకోను. మూడు వేదాల విద్యతోనే బ్రహ్మత్వం అని ఐతరేయ బ్రాహ్మణం.

అథర్వం: అథర్వవేదానికి చెందిన గోపథ బ్రాహ్మణం వేరేగా చెప్పింది. దాన్నెందుకు పక్కనపెడతారు?

అరణి: ఏ వేదమైనా, బ్రహ్మ పని మనసుతో కాపు కాయడం. మధ్యలో మాట్లాడితే యాగం ఒంటి చక్రం బండిలా కూలుతుందని ఛాందోగ్య ఉపనిషత్తు. పటంలో ఆయన్ని దక్షిణాన పెట్టండి.

గోదారి గట్టు: సోమయాజులు అన్న పేరునూ ఇలాగే కలిపేస్తారు. అది సోమయాగం చేసిన యజమానికి వచ్చే పేరు, చేయించిన ఋత్విక్కుకు కాదు.

తుంగభద్ర: మరి ఆగ్నీధ్రుడు ఎక్కడ?

అరణి: ఉత్కరం (వేదిలో తవ్విన మట్టి పోసే చోటు) దగ్గర, చేతిలో స్ఫ్యంతో (కొయ్య కత్తితో), దక్షిణముఖంగా. అధ్వర్యువు పిలుపుకు బదులుగా ‘అస్తు శ్రౌషట్’ అనేది ఆయనే.

తుంగభద్ర: గీసేశాను. థాంక్సండీ.

అథర్వం: గోపథం సంగతి తేల్చలేదు ఎవరూ.