పచ్చని పెద్ద దీవిని కాదని ఇసుక దిబ్బ మీద గూళ్లు ఎందుకు?

ప్రశ్న – తీరరేఖ

ఒకే నదీముఖంలో పక్కపక్కనే ఉన్న రెండు దీవులను గమనిస్తున్నాను. పొదలూ చెట్లూ ఉన్న పెద్ద దీవి నేల మీద టెర్న్ పక్షుల (చేపలు పట్టి తినే నీటిపక్షుల) గూడు ఒక్కటీ లేదు. మొక్క సరిగా మొలవని చిన్న దిబ్బ మీద మాత్రం అవి కిక్కిరిసి గుడ్లు పెడుతున్నాయి. నీడా చాటూ ఉన్న చోటును వదిలి మాడే ఇసుకను ఎంచుకోవడానికి కారణమేమిటి? వైశాల్యం, ఎత్తు, వృక్షజాలం, ఒడ్డు నుంచి దూరం, వీటిలో ఏది ముఖ్యమో దయచేసి వివరించగలరు.

జవాబు – నీటికాకి

చాటు అన్నది కొంగకు వేరు, టెర్న్‌కు వేరు. ఇటువంటి దిబ్బల మీది టెర్న్‌లు సాధారణంగా గూడు అల్లవు. రొమ్మును ఇసుకకు ఆనించి, కాళ్లతో వెనక్కి చిమ్ముతూ గుండ్రంగా తిరిగినప్పుడు ఏర్పడే చిన్న పల్లమే వాటి గూడు. మచ్చల గుడ్లు ఆల్చిప్పల పెంకుల ముక్కల్లో కలిసిపోయి, పక్కనే నిలబడినా కంటికి ఆనవు. పైగా పెంకులు కలిసిన ముతక ఇసుకలో వాన నీరు నిలవదు. గుబురుగా పొదలు పెరిగితే వచ్చే శత్రువు పక్షికి కనబడదు. కొంగలూ నీటికాకులూ పుల్లలతో కట్టుకుంటాయి కనుక వాటికి పొదలూ చెట్లూ కావాలి. మీ పెద్ద దీవి ఖాళీ అని తేల్చే ముందు కొమ్మల మీద కూడా చూడండి.

జవాబు – లంకగాలి

నీటికాకి గారు చెప్పినది నిజమే గాని, మొక్కల కంటే ముందు అడగవలసింది, ఆ దీవి మీద నక్కో ఎలుకో ఏడాది పొడవునా బతకగలదా అన్నది. పెద్ద దీవిలో మంచినీరూ తిండీ దొరుకుతాయి కాబట్టి, పక్షులు లేని కాలంలోనూ అది అక్కడే మకాం వేస్తుంది. చిన్న దిబ్బకు ఈదుకుంటూ వెళ్లినా ఎక్కువ కాలం నిలవలేదు. ఒక్క నక్క కొన్ని రాత్రులు వరుసగా తిరిగితే కాలనీ, అంటే ఒకే చోట గూళ్లు పెట్టిన పక్షుల గుంపు, మొత్తం గుడ్లను వదిలి లేచిపోవచ్చు. పటంలో కనబడే దూరాన్ని కూడా నమ్మకండి, పోటు తీసినప్పుడు కాలినడకన దాటగల మట్టి బయటపడుతుందేమో చూడాలి. అలాగని ఎంత దూరమైతే అంత మేలు కాదు, చేపలు దొరికే నీళ్లు అందుబాటులో లేకపోతే పిల్లలు పస్తులుంటాయి.

జవాబు – ఇసుకతిన్నె

మొక్కలను రెండో స్థానానికి నెట్టడం నాకు సమ్మతం కాదు. అమెరికాలోని కొలంబియా నదీముఖంలో, నదిలోంచి తవ్వి పోసిన పూడిక ఇసుకతో ఏర్పడిన రైస్ దీవి మీద వేల జతల కాస్పియన్ టెర్న్‌లు గూళ్లు పెట్టి సాల్మన్ చేప పిల్లలను విపరీతంగా తింటూ ఉండేవి. వాటిని సముద్రానికి మరింత దగ్గరగా ఉన్న ఈస్ట్ శాండ్ దీవికి మళ్లించడానికి 1999లో అక్కడ మొక్కలు తొలగించి ఇసుకను బట్టబయలు చేశారు, బొమ్మ టెర్న్‌లను నిలిపారు, రికార్డు చేసిన కూతలు వినిపించారు. పాత చోట గూళ్లకు వీలు లేకుండా చేయడం కూడా తోడై, 2001 నాటికి కాలనీ అంతా అక్కడికి మారింది. తోటి పక్షులు ఉన్నాయన్న భరోసా కూడా వాటికి కావాలని ఆ బొమ్మలే చెబుతున్నాయి.

ఎత్తు విషయంలో ఒక చిక్కుంది. దిబ్బ మరీ పల్లంగా ఉంటే అమావాస్య, పౌర్ణమి పోట్లకు గుడ్లు కొట్టుకుపోతాయి; అలలు ఎన్నడూ ఎక్కనంత ఎత్తుగా ఉంటే కొన్నేళ్లలోనే గడ్డీ పొదలూ అల్లుకుంటాయి. గూళ్లను ముంచిన తుఫానే మొక్కలను ఊడ్చేసి, మరుసటి ఏటికి కొత్త ఇసుకను పరుస్తుంది.

తీరరేఖ

కృతజ్ఞతలు. అయితే ముందుగా ఏది కొలవమంటారు?

లంకగాలి

గూళ్ల కాలం మొదలవక ముందే, పెద్ద పోటు మిగిల్చిన చెత్త గీత నుంచి దిబ్బ కొనదాకా ఎత్తు కొలవండి, తడి ఇసుకలో అడుగుజాడలు వెతకండి. పక్షులు గుడ్ల మీద కూర్చున్నాక మాత్రం దిబ్బ ఎక్కకుండా పడవలో నుంచే దుర్భిణితో లెక్కించండి, ఎందుకంటే మధ్యాహ్నపు ఎండలో పొదిగే పక్షి కాసేపు లేచినా గుడ్డులోని పిండం ఉడికిపోవచ్చు.